ఓడ యెక్కబోవు సోదరికి: కాగితమా, ఫోనా?

నల్లమాడ ప్రాంతమున పుట్టి పెరిగిన మాబోటి స్త్రీలకు సముద్రము విన్న వస్తువే గాని చూచిన వస్తువు కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియు మెట్టసీమ మాది. చెఱువు నిండినదా, బోరులో నీరందుచున్నదా, చెనక్కాయ పైరుకు అదనులో పదును దొఱకినదా, ఇవియే మా యిండ్లలోని మాటలు. చెన్నపట్టణపు తీరము మాకు రోడ్డు మార్గమున 300 కిలోమీటర్లకు మించిన దూరము. మా తల్లుల తరమువారిలో తిరుపతి చూచినవారు పెక్కుమంది గలరు. కడలి చూచినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

అట్టి సీమనుండి నేడు స్త్రీలు ఓడ లెక్కుచున్నారు. బెంగుళూరులో ఉద్యోగములు చేయు బిడ్డలు తల్లిదండ్రుల షష్టిపూర్తికో, పదవీవిరమణకో, క్రూయిజు అని పిలువబడు విహారనౌకలో మూడు నాలుగు దినముల ప్రయాణమును కానుకగా నిచ్చుచున్నారు. 2022 జూన్ మాసమున చెన్నై నుండి విశాఖపట్టణమునకు విహారనౌక వచ్చినది. 2023 జూన్ మాసమున చెన్నై నుండి శ్రీలంక రేవులకు విహారనౌక బయలుదేఱినది. ఆ యేడే సెప్టెంబరులో విశాఖపట్టణమున రమారమి 96 కోట్ల రూపాయల వ్యయముతో కట్టిన అంతర్జాతీయ విహారనౌకల ప్రాంగణము ప్రారంభింపబడినది. సింగపూరు వెళ్ళి అచ్చట ఓడ యెక్కి వచ్చువారును మన తెలుగువారిలో కొల్లలుగా నున్నారు.

ప్రయాణము నిశ్చయమైన నాటినుండి ఇంటింట వినబడు ప్రశ్న యొకటి గలదు. టిక్కెట్లు, గుర్తింపుపత్రములు, అనుమతిపత్రములు కాగితముపై అచ్చువేయించి వెంట దీసికొని పోవలెనా, లేక ఫోనులో నున్న చాలునా? చూచుట కిది చిన్న ప్రశ్న. మగవారు ఒక్క మాటతో త్రోసివేయుదురు: “అన్నియు ఫోనులో నున్నవి, నీకేల బెంగ?” అని. కాని ఆ ఫోను ఎవరిది? అందులోని పత్రమును తెఱచుటకు ఎవరికి తెలియును? ఈ రెండు ప్రశ్నలను కూడ వేసికొన్నప్పుడే స్త్రీలమైన మనకు విషయము బోధపడును.

మాకు జరిగిన సంగతి

గొప్ప ఆపద కాకపోయినను, నేర్పిన పాఠము మంచిది గాన మా కథను చెప్పుచున్నాను. నేను, మా అత్తగారు, మా వదినె, ముగ్గురము చెన్నై రేవునుండి ఓడ యెక్కవలసి యుండెను. మా అబ్బాయి బెంగుళూరునుండి అన్నియు తానే కుదిర్చి, పత్రములను మా వదినె ఫోనుకు వాట్సాపులో పంపెను. చెన్నై దాక వెంట వచ్చి, ప్రయాణికులు గానివారిని లోనికి పోనీయని గుమ్మమువద్ద మమ్ము దింపి, తన పనిమీద వెడలిపోయెను.

లోపల వరుసలో మా వంతు రాగా వదినె ఫోను తీసి పత్రమును తాకినది. చిన్న బొమ్మ మసకగా కనబడినదే గాని తెఱచుకొనలేదు. ఆ పత్రమును ఆమె ముందుగా ఫోనులోనికి దించుకొనలేదు. ఆనాటి డేటా త్రోవలోనే అయిపోయినది. అబ్బాయికి ఫోను చేసితిమి. అతడు బండి నడుపుచుండెను గాబోలు, పలుకలేదు. వెనుక నిలిచినవారు గొణుగుచున్నారు. అధికారి మర్యాదగానే “ప్రక్కన నిలిచి చూచుకొనుడమ్మా” అని చెప్పెను. ఆ నాలుగు నిమిషములు మాకు నాలుగు గడియలైనవి.

అప్పుడు అక్షరము రాని మా అత్తగారు నడుమునకు దోపిన వక్కాకు సంచి విప్పి, ఎనిమిది మడతలు పెట్టిన కాగిత మొకటి నా చేతి కిచ్చి, “ఇది పనికొస్తాదేమో సూడమ్మా” అన్నది. అది మా ప్రయాణపత్రమే. టిక్కెట్లు కొన్న దినమున అబ్బాయి ఆమెకు ఓడ పేరు, గది సంఖ్య చూపుటకై అచ్చువేయించి తెచ్చిన ప్రతి. వెనుక నొకప్పుడు పంటనష్టపు సొమ్ముకై ఒక కార్యాలయమునకు పోగా, కాగితము లేదని త్రిప్పి పంపిరట. ఆనాటినుండి ఏ కాగితమును ఆమె పాఱవేయదు. ఆ ప్రతితో, మా ఆధారు కార్డులతో, మేము లోనికి బోతిమి.

అయితే కాగితమే గెలిచినదని సంతోషింప వలదు. తిరుగు రైలుటిక్కెట్టు కూడ ఆ కాగితముపైననే యుండెను. సముద్రపు గాలికి, చెమటకు అది మడతలవద్ద చిరిగి, అంకెలు కనబడక పోయెను. రైలులో తనిఖీకి వచ్చినప్పుడు నా ఫోనుకు వచ్చిన రైల్వేవారి సందేశమే మమ్ము గట్టెక్కించినది. రైలు ఇ-టిక్కెట్టునకు ఆ సందేశమును, ఒకరి అసలు గుర్తింపుపత్రమును చూపిన చాలును. పోవునప్పుడు కాగితము, వచ్చునప్పుడు ఫోను: రెండును మమ్ము కాచినవి, రెండును మమ్ము విడిచినవి.

పూర్వకాలపు ఓడకాగితములు

తెలుగుస్త్రీ ఓడ యెక్కుట నేటి వింత కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. చెఱకుతోటలలో ఒడంబడిక కూలీలుగా పనిచేయుటకు పోయినవారు వారు. 1911 వఱకు అట్లు నేటాలు దేశమునకు పోయినవారు లక్షన్నరకు మించిరి. వారిలో మన తెలుగువారు వేలకొలది గలరు. నూఱుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలైన నుండవలెనని నియమము గలదు గనుక, స్త్రీలును పెద్దసంఖ్యలో నుండిరి.

ఓడ యెక్కిన ప్రతివారికి ఒక సంఖ్య యిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై గల గుర్తులు పట్టికలో వ్రాసికొనెడివారు. వ్రాసినవాడు తెలుగు రానివా డగుటచేత పేర్లు అడ్డదిడ్డముగా పడినవి. ఆ స్త్రీ తన పేరెట్లు వ్రాయబడినదో చదువుకొనలేదు. చదివి, కాదని చెప్పజాలదు. అయినను ఆ పట్టికలు నేటికిని నిలిచియున్నవి. దక్షిణాఫ్రికాలోని తెలుగు సంతతివారు తమ ముత్తవ్వ ఏ యూరినుండి వచ్చినదో తెలిసికొనుటకు ఆ పట్టికలనే వెదకుచున్నారు. నూటయఱువది యేండ్లు నిలిచి సాక్ష్యము చెప్పుట కాగితమునకు చెల్లినది. మనము మూడేండ్ల క్రిందట వాడిన ఫోనులోని బొమ్మలు నేడెచ్చట నున్నవో మనకే తెలియదు.

ఈ కథవలన రెండు సంగతులు తేలుచున్నవి. కాగితమునకు మన్నిక గలదు. కాని ఇతరుల చేతిలోని కాగితము, ఇతరులు వ్రాసిన పేరు, స్త్రీకి రక్షణ కాజాలదు.

నేడు ఫోనునకు గల గౌరవము

ఎలక్ట్రానికు పత్రము నమ్మరానిదని చెప్పుట అజ్ఞానము. 2008 జూన్ 1వ తేదీనుండి ప్రపంచమున విమానయాన సంఘములోని సంస్థలు కాగితపు టిక్కెట్లకు స్వస్తి చెప్పి ఇ-టిక్కెట్టునే పాటించుచున్నవి. మన ప్రభుత్వపు డిజిలాకరు 2015 జులైలో మొదలైనది. అందులో ఆయా శాఖలు నేరుగా జారీచేసిన పత్రమునకు అసలుపత్రముతో సమానమైన విలువ గలదు. 2018 నుండి రైల్వేవారు డిజిలాకరులోని ఆధారును, డ్రైవింగు లైసెన్సును గుర్తింపుగా నంగీకరించుచున్నారు. 2022 డిసెంబరులో బెంగుళూరు మొదలగు విమానాశ్రయములలో ముఖమునే గుర్తుగా జూపి లోనికి బోవు డిజియాత్ర యను ఏర్పాటు దేశములోపలి ప్రయాణములకై ప్రారంభమైనది.

ఇచ్చట ఒక భేదమును చక్కగా గ్రహింపవలెను. డిజిలాకరులో శాఖలవారు జారీచేసినవి ఒక భాగమునను, మనము స్వయముగా చేర్చుకొన్నవి వేఱొక భాగమునను ఉండును. గౌరవము మొదటిదానికే. ఆధారు కార్డును ఫోనుతో ఫోటో తీసి దాచుకొని, “ఇదియు డిజిటలే గదా” యనుట చెల్లదు. ఫోటో ఎంత స్పష్టముగా నున్నను జెరాక్సు ప్రతివంటిదే.

విదేశములును ఈ త్రోవనే పోవుచున్నవి. అమెరికాలో విమానము, ఓడ దిగువారి కిచ్చు కాగితపు రాకచీటీ 2013లో ఎలక్ట్రానికు లెక్కగా మాఱినది. ఐరోపా దేశములు 2025 అక్టోబరు 12వ తేదీనుండి పాస్‌పోర్టుపై ముద్ర వేయుటకు బదులుగా రాకపోకలను యంత్రములో నమోదు చేయు పద్ధతిని మొదలుపెట్టినవి. సింగపూరు మనవారి కిచ్చు వీసా పాస్‌పోర్టులో అంటించునది కాదు, ఎలక్ట్రానికు వీసా. ఆ దేశము చేరుటకు మూడు దినములలోపల రాకచీటీని కూడ ఇంటర్నెట్టులోనే నింపవలెను. దానికి రుసుము లేదు. రుసుము వసూలు చేయు నకిలీ స్థలములు పెక్కు గలవు గనుక ప్రభుత్వపు స్థలమునందే నింపుట క్షేమము.

ఇంత మాఱినను మాఱనిది ఒకటి గలదు. అది పాస్‌పోర్టు. మన దేశములో 2024 నుండి ఇ-పాస్‌పోర్టులు వచ్చుచున్నవి. పేరు విని అది ఫోనులో నుండునని భ్రమపడువారు గలరు. అది పుస్తకమే. అట్ట మీద బంగారువన్నె గుర్తును, లోపల చిన్న చిప్పును ఉండును. చిప్పులో మన వివరములు భద్రపఱుపబడి యుండును. పాత పాస్‌పోర్టులు వాని గడువు తీఱువఱకు చెల్లును. పాస్‌పోర్టు ఫోటో పాస్‌పోర్టునకు బదులు కాజాలదు.

ఓడ ప్రయాణపు ప్రత్యేకతలు

రైలు, విమానముల అనుభవముతో ఓడకు పోవువారు పొరపాటుపడుదురు. ఓడకు కొన్ని ప్రత్యేక నియమములు గలవు.

మొదటిది: ప్రయాణమునకు ముందే ఇంటర్నెట్టులో వివరములు నింపి, ఓడ యెక్కుటకు అనుమతిపత్రమును పొందవలెను. రేవులో నింపుదుమనుకొని పోయినవారు చిక్కుపడుదురు. ఓడ కదలుటకు చాల ముందుగానే ప్రయాణికులను చేర్చుకొనుట నిలిపివేయుదురు. తప్పిపోయిన బస్సు తరువాత మఱొక బస్సు వచ్చును. ఓడకు మఱునాటి బండి లేదు.

రెండవది: పెట్టెలకు కట్టు చీటీలు. పెక్కు ఓడలవారు పెద్ద పెట్టెలను రేవులోనే తీసికొని నేరుగా గదికి పంపుదురు. పేరు, గది సంఖ్య గల చీటీని అచ్చువేసి పెట్టెకు కట్టవలెను. అన్నియు ఫోనులో నున్నవని పోయినవారికి ఇచ్చట కాగితము కావలసివచ్చును. పత్రములను, మందులను ఆ పెద్ద పెట్టెలో పెట్టరాదు. అవి గది చేరుటకు కొన్ని గంటలు పట్టవచ్చును. పాస్‌పోర్టు ఎల్లప్పుడు చేతిసంచిలోనే యుండవలెను.

మూడవది: ఓడలో నిచ్చు కార్డు. అదియే గది తాళముచెవి, గుర్తింపుచీటీ, ఖర్చుల లెక్క. రేవులో దిగునప్పుడును మరల ఎక్కునప్పుడును దానిని యంత్రమునకు చూపుదురు. చిన్నపిల్లలకును వేఱు కార్డు ఇచ్చు ఓడలు గలవు. దానిని తాడుతో మెడకు వేయుట మేలు.

నాల్గవది: తీరము దాటినపిదప మామూలు సిగ్నలు అందదు. ఓడలోని ఇంటర్నెట్టునకు వేఱుగా సొమ్ము చెల్లింపవలెను. ఫోనును ఊరక వదలినచో సముద్రముమీది ఖరీదైన సిగ్నలును పట్టుకొని బిల్లు పెంచవచ్చును గనుక విమానపు గుర్తు గల మీటను నొక్కి యుంచవలెను. సిగ్నలు లేనిచో ఓటీపీ రాదు. ఓటీపీ లేనిచో డిజిలాకరు తెఱచుకొనకపోవచ్చును. కనుక ప్రతి పత్రమును ఇంటివద్దనే ఫోనులోనికి దించుకొని, ఇంటర్నెట్టు ఆపి, అది తెఱచుకొనుచున్నదో లేదో పరీక్షింపవలెను. ఈ ఒక్క పరీక్ష చేసియుండిన మా వదినె ఆనాడు కన్నీరు పెట్టియుండెడిది కాదు.

అయిదవది మిక్కిలి ముఖ్యము. సింగపూరులో ఎక్కి, వేఱొక దేశపు రేవు చూచి, మరల సింగపూరులోనే దిగినచో, చట్టము దృష్టిలో మనము ఆ దేశమును విడిచి రెండవమాఱు ప్రవేశించినవార మగుదుము. కనుక వీసా ఒక్క ప్రవేశమునకా, పెక్కు ప్రవేశములకా యని చూచుకొనవలెను. ఓడ ఆగు ప్రతి దేశపు నియమమును వేఱువేఱుగా విచారింపవలెను. “మేము దిగము, ఓడలోనే కూర్చుందుము” అనుట అన్నిచోట్ల చెల్లదు. పాస్‌పోర్టునకు ప్రయాణము ముగిసిన తరువాత ఆఱు మాసముల గడువైన మిగిలి యుండవలెనని పెక్కు దేశములు, ఓడసంస్థలు కోరును.

గర్భవతులు మఱొకటి గమనింపవలెను. ప్రయాణము ముగియునాటికి 24 వారములు నిండిన స్త్రీని పెక్కు ఓడసంస్థలు ఎక్కించుకొనవు. అంతకు లోపలి వారికి వైద్యుని ధ్రువపత్రము కావలెను. ఇది సంతకము, ముద్ర గల కాగితముగా నుండుటే మేలు. తల్లి ఒక్కతెయే బిడ్డను విదేశమునకు తీసికొని పోవునప్పుడు తండ్రి సమ్మతిపత్రమును అడుగువారు గలరు. బిడ్డ జన్మపత్రమును వెంట నుంచుకొనవలెను.

పేరులో నున్న చిక్కు

పత్రము కాగితమైనను ఫోనైనను, స్త్రీలను తఱచు చిక్కించునది పేరు. పుట్టింట ఒక ఇంటిపేరు, మెట్టినింట మఱొకటి. బడి పత్రములో పొడియక్షరము, ఆధారులో పూర్తి యింటిపేరు, పాస్‌పోర్టులో భర్తపేరు కడపట చేరియుండును. మనము ఇంటిపేరును ముందు పలుకుదుము. టిక్కెట్టు పత్రములో దానిని కడపట వేయుదురు. లక్ష్మిదేవి ఒకచోట లక్ష్మీదేవి, వేఱొకచోట లక్ష్మమ్మ యగును. ఊరిలో నడచిపోవు ఈ చిన్న భేదములు రేవులో నడవవు. యంత్రము అక్షరములనే చూచును గాని మనిషిని ఎఱుగదు.

టిక్కెట్టు కొనునప్పుడే పాస్‌పోర్టులో నున్న పేరును అక్షరము పొల్లుపోకుండ అందులో వేయించుట దీనికి మందు. దేశములోపలి ప్రయాణమైన, చూపబోవు గుర్తింపుపత్రములోని పేరు వేయించవలెను. పెండ్లితో ఇంటిపేరు మార్చుకొనవలెనని ఏ చట్టమును శాసింపలేదు. పుట్టింటి పేరుతోనే పాస్‌పోర్టు పొందవచ్చును. మార్చుకొనదలచినవారు అన్ని పత్రములలో ఒక్క క్రమమున మార్చుకొనవలెను. సగము మార్చి సగము విడుచుట కీడు. కొన్నవారు పంపిన పత్రమును మొదటినాడే మనమే చదువుకొనవలెను. చదువురాని పెద్దలకు ఇంటిలోని ఆడపిల్ల చదివి వినిపింపవచ్చును.

ఇంకొక చిక్కు ఫోను సంఖ్యది. మా ప్రాంతమున పెక్కుమంది స్త్రీల ఆధారునకు భర్త ఫోను సంఖ్యయో, కొడుకు సంఖ్యయో చేరియున్నది. ఆధారుతో తెఱచు ప్రతి పత్రమునకు ఓటీపీ ఆ ఫోనుకే పోవును. అనగా పెట్టె మనది, తాళముచెవి మఱొకరి యొద్ద. స్వంత ఫోను గలవారు ఆధారు కేంద్రమునకు పోయి, స్వల్ప రుసుము చెల్లించి, తమ సంఖ్యను చేర్పించుకొనవచ్చును. వ్రేలిముద్ర చాలును, దీనికి వేఱు కాగితము లడుగరు. విహారయాత్ర చేయనివారికి సైతము ఇది యక్కఱకు వచ్చును.

కాగితము పోయినప్పుడు

విహారమునకు కాక జీవనమునకై సముద్రము దాటు సోదరీమణులను మఱువరాదు. కదిరి, రాయచోటి ప్రాంతములనుండి కువైట్టునకు ఇంటిపనులకై పోవు స్త్రీల నెఱుగని ఊరు మా సీమలో అరుదు. వారిలో కొందఱికి చేరిన దినముననే పాస్‌పోర్టు యజమాని బీరువాలోనికి పోవును. మన 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము ప్రకారము పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. కువైట్టు సైతము 2015లో చేసిన 68వ సంఖ్య గల చట్టములో, పనిచేయు స్త్రీ సమ్మతి లేక యజమాని ఆమె పాస్‌పోర్టును ఉంచుకొనరాదని విధించినది. చట్టము పుస్తకములో నున్నను తాళముచెవి యజమాని చేతిలో నుండుట ఆగలేదు.

మా యెఱుకలోని యొక స్త్రీకి ఇట్లే జరిగినది. జబ్బుపడి ఇంటికి రావలెనన్న పాస్‌పోర్టు చేతి కందలేదు. కాని ఆమె పోవుటకు ముందు, చదువుకొన్న కూతురు పాస్‌పోర్టులోని పుటలను, వీసాను, ఒడంబడికను ఫోనులో దాచి, తన మెయిలులోనికి సైతము పంపుకొని యుండెను. ఆ ప్రతులను చూపి మన రాయబార కార్యాలయమున మొఱపెట్టుకొనగలిగిరి. పాస్‌పోర్టు పోయినవారికి స్వదేశము చేరుటకు మాత్రము పనికివచ్చు అత్యవసర పత్రమును రాయబార కార్యాలయములు ఇచ్చును. సంఖ్య, తేదీలు ఎదుట నున్నచో పని త్వరగా సాగును. మన విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ అను ఇంటర్నెట్టు స్థలమున ఇంటనుండియే ఫిర్యాదు చేయవచ్చును. కాగితమును బీరువాలో బంధింపవచ్చును గాని, నల్లమాడలో కూతురి యొద్ద నున్న ప్రతిని ఏ యజమానియు బంధింపజాలడు. ఎలక్ట్రానికు పత్రపు అసలు బలమిది.

విహారనౌకలోను అధికారుల తనిఖీకై పాస్‌పోర్టులను సేకరించి ఉంచుట కొన్ని ప్రయాణములలో గలదు. అది వాడుకయే, భయపడ నక్కఱలేదు. కాని ఇచ్చునప్పుడు రసీదు అడిగి తీసికొనవలెను. ఫోనులో ప్రతి యుండవలెను. ఓడ దిగుటకు ముందు పుస్తకము మనదే యని తెఱచి చూచుకొనవలెను.

సంచి సర్దుకొను విధము

ఇక ప్రశ్నకు సమాధానము చెప్పుదును. అసలు పాస్‌పోర్టు, గుర్తింపుపత్రము కాగితముగానో కార్డుగానో చేతిసంచిలో నుండవలెను. ఓడ టిక్కెట్టు, అనుమతిపత్రము, ఎలక్ట్రానికు వీసా ఫోనులో దించుకొని, ఒక్కొక్క ప్రతి అచ్చువేయించి నీరు చొరని సంచిలో పెట్టవలెను. అచ్చు ఖర్చు కొద్ది రూపాయలే. ఆ ప్రతుల జెరాక్సు ఒకటి మఱొకరి పెట్టెలో నుండవలెను. ప్రయాణికులలో ఇద్దఱి ఫోనులలో అన్నియు ఉండవలెను. ఇంటివద్ద నమ్మకమైన యొకరికి అవే పంపియుంచవలెను. ఇంటివారి ఫోను సంఖ్యలను, ఓడ పేరును, గది సంఖ్యను ఒక చీటీపై చేతితో వ్రాసికొనవలెను. ఫోను చల్లారినప్పుడు కొడుకు సంఖ్య సైతము జ్ఞాపకముండని కాలమిది.

ముఖ్యముగా, ప్రయాణమునకు ముందు ఒక సాయంకాలము అందఱును కూర్చుండి, ప్రతి స్త్రీయు తన పత్రమును తానే తీసి చూపవలెను. ఫోనులో నున్నచో తానే తెఱవవలెను. కాగితమైనచో ఎచ్చట నున్నదో తానే చెప్పవలెను. తెలియనిచో నేర్పవలెను. “నీకేల, నేను చూచుకొందును” అను మాట ప్రేమతో పలికినదే కావచ్చును. కాని ఆ పలికినవారు గుమ్మము వెలుపలనే నిలిచిపోవు గడియ యొకటి వచ్చును. లోనికి మనమే పోవలెను.

మా అత్తగారి వక్కాకు సంచిలో నిప్పుడు నీరు చొరని చిన్న తిత్తి యొకటి చేరినది. అందులో ఆమె ఆధారు, ఇంటివారి సంఖ్యలు వ్రాసిన చీటీ గలవు. మొన్నటినుండి మనుమరాలి యొద్ద ఫోను తెఱచుట నేర్చుకొనుచున్నది. ఆకుపచ్చని గుర్తు వాట్సాపు అనియు, దాని నొక్కి ఫలాని బొమ్మను తాకిన పత్రము వచ్చుననియు గుర్తుపట్టినది. “ఈ తూరి విశాఖపట్నం నుంచి పోదాం” అని ఆమె కోరిక. వానలు పడి, చెనక్కాయ చేతికి వచ్చినచో పోదుమని చెప్పియున్నాము.